ఇమాటినిబ్ 400 మి.గ్రా.: రోజూ మింగుతున్న మనిషి రివ్యూ

తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోయే సీఎంఎల్ అనే బ్లడ్ కేన్సర్‌కి రోజుకొకటి వేసుకునే మాత్ర ఇది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, డాక్టరుగారు చీటీ రాసిచ్చిన రోజు నుంచే దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను. మార్కులు ముందే చెప్పేస్తున్నా: పనితనానికి ఐదుకి ఐదు, పొట్టకి మూడు, డబ్బాలో మడిచి పెట్టిన కాగితానికి సున్నా.

మా జబ్బులో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఆ అతుకు దగ్గర పుట్టేదే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు దగ్గర ఫాస్ఫేట్ తీసుకుని వేరే ప్రోటీన్లకి అంటిస్తూ, విభజన చెందమని కణానికి ఆపకుండా సంకేతాలు పంపుతుంది. ఇలా ఫాస్ఫేట్ అంటించేవాటిని కైనేజ్‌లంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు, ఏటీపీ కూర్చోవాల్సిన చోటుని ఇమాటినిబ్ ముందే పట్టేస్తుంది. దాంతో సంకేతం ఆగిపోతుంది.

ఈ మందు అనగానే అందరూ డాక్టర్ బ్రయన్ డ్రూకర్ పేరు చెబుతారు. 1998 నుంచి రోగులకిచ్చి నిరూపించిన మనిషి, కాదనను. నా అభిమానం మాత్రం నికోలస్ లైడన్ మీద. స్కాట్లాండ్‌లోని డండీలో పీహెచ్‌డీ చేసిన బయోకెమిస్ట్. 1985లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా-గైగీ కంపెనీలో చేరి, కైనేజ్‌లను ఆపే మందుల వెంట పడ్డాడు. ఒంట్లో కైనేజ్‌లు వందలున్నాయి, అన్నిటికీ ఏటీపీ సీటు ఉంది, ఒక్కదాన్నే ఎలా ఆపుతావని పెదవి విరిచినవాళ్లే ఎక్కువ. పైగా మొదట దొరికిన అణువు ప్రోటీన్ కైనేజ్-సి అనే వేరేదాని మీద పనిచేసేది! కెమిస్ట్ యుర్గ్ జిమ్మర్‌మన్ ఒక మిథైల్ తగిలించేసరికి ఆ గుణం పోయింది, ఏబీఎల్ మీద గురి నిలిచింది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. క్లాసులో మిథైల్ గురించి ఎన్నిసార్లు విన్నా ఎవరికీ పట్టదు. ఈ కథ చెప్పి ఉంటే వెనక బెంచీ కూడా వినేది.

ఇంత చేస్తే, రోగులు తక్కువ, లాభం ఏముంటుందని కంపెనీయే వెనకాడింది. తీరా 2001లో ఫలితాలు వచ్చాక చూస్తే, పాత మందు పనిచేయని వాళ్లలో రోజుకి 300 మి.గ్రా., అంతకు పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. 2009లో లైడన్‌కి, డ్రూకర్‌కి, ఆయనతో కలిసి రోగుల మీద పరీక్షలు చేసిన డాక్టర్ చార్లెస్ సాయర్స్‌కి కలిపి, వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ధర సంగతి. పేటెంట్ గొడవ నడిచిన రోజుల్లో బ్రాండ్ మందు నెలకి లక్ష పైచిలుకు. మన హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీలు, కేన్సర్ రోగుల సంఘం కోర్టుల చుట్టూ తిరిగాక, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి (సీబా-గైగీ విలీనమై ఏర్పడిన కంపెనీ ఇదే) పేటెంట్ లేదు పొమ్మంది. నేను కొనేది జెనరిక్కే, రిపోర్టులు బాగానే ఉన్నాయి.

ఇక పొట్టకి రెండు మార్కులు ఎందుకు కోశానంటే, ఖాళీ కడుపున వేసుకుంటే వాంతే. అన్నం మధ్యలో వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్లు తాగాలి. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. పేరంటానికి వెళితే "ఏడ్చావా వదినా?" అని పక్కకి పిలిచి అడుగుతారు. అలవాటైపోయింది, నిద్ర చాల్లేదంటాను.

కాగితం గురించి చెప్పక తప్పదు. దుప్పటంత కాగితం, చీమతలకాయంత అక్షరాలు, తెలుగు ముక్క లేదు. అన్నంతో వేసుకోమన్న మాట ఎక్కడో అడుగున ఉంది. ఏ కంపెనీయో చెప్పను కానీ, ఆ ఒక్క వాక్యం డబ్బా మీద పెద్దగా వేస్తే వాళ్ల సొమ్మేం పోయిందో!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. బాగానే ఉన్నాం కదా అని మాత్ర మానకండి, ఏం చేసినా డాక్టర్ని అడిగే చేయండి. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్షలో మూడు నెలలకి బీసీఆర్-ఏబీఎల్ 10 శాతం లోపుకి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలని చూస్తారు. ల్యాబ్ మారిస్తే అంకె మారి అనవసరపు టెన్షన్. ఎప్పుడూ ఒకే చోట చేయించుకోండి, రిపోర్టు ఇంటర్నేషనల్ స్కేల్‌లో (అన్ని ల్యాబులకీ ఒకటే కొలత) ఇస్తారో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.