అంబాసిడర్ చాంబర్ ప్యాకింగ్: రబ్బరు కలిసిన కార్కు సెట్టు మీద నా అభిప్రాయం

మా నాన్నగారి నాటి పెట్రోలు అంబాసిడర్‌కు, అంటే 1489 సి.సి. పాత ఇంజిను ఉన్న బండికి, నాలుగేళ్లలో మూడుసార్లు ఆయిల్ చాంబర్ (ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) దింపి, దానికీ ఇంజినుకూ మధ్య ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్ మార్చవలసి వచ్చింది. మొదటిసారి మామూలు కార్కు వేశాం, రెండోసారి ప్యాకింగే లేకుండా సిలికాన్ సీలెంటు పూశారు, మూడోసారి రబ్బరు కలిసిన కార్కు సెట్టు తెచ్చి దగ్గరుండి వేయించాను. ఈ మూడోది వేసి పదకొండు నెలలైంది. చాంబర్ చుట్టూ చేత్తో తడిమితే దుమ్ము తప్ప తడి తగలడం లేదు కనుక, దాని గురించి వ్రాయడానికి ఇది తగిన సమయమనుకుంటున్నాను.

అన్నింటికన్నా ముందు, కారుతున్నది నిజంగా చాంబర్ దగ్గరేనా అన్నది తేల్చుకోవాలి. ఈ ఇంజినులో మానిఫోల్డు (గాలి, పొగ గొట్టాల అమరిక) వెనుక, వాల్వులను కదిలించే ట్యాపెట్ల గదికి రెండు మూతలుంటాయి. వాటి కార్కు ఎండిపోతే ఆయిల్ బ్లాకు (ఇంజిను దిమ్మ) గోడ వెంట జారి, చాంబర్ అంచు మీద చేరి, అక్కడి నుండి బొట్లు బొట్లుగా పడుతుంది. కింద నుండి చూసిన మెకానిక్కు ఎవరికైనా అది చాంబర్ లీకులాగే కనిపిస్తుంది. నేను మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నది అక్కడే. రెండోసారి నుండి ఇంజినును కిరోసిన్‌తో కడిగించి, ఆరిన తరువాత అంచు పొడవునా టాల్కమ్ పౌడరు చల్లి, పావుగంట బండి నడిపి చూడడం మొదలుపెట్టాను. పౌడరు మీద తడి గీత పైనుండి దిగితే తప్పు మూతలది, అంచు దగ్గరే పుడితే తప్పు చాంబర్‌ది. పిస్టన్ రింగులు అరిగి, ఇంజిను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీథర్ నుండి పొగ తన్నుతున్న ఇంజినుకైతే లోపలి ఒత్తిడే ఆయిల్‌ను బయటికి నెడుతుంది కాబట్టి, ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఫలితం ఉండదు.

సీలెంటు అనుభవం గురించి ఎక్కువ చెప్పను. పేరు చెప్పడం ఇష్టం లేని ఒక షెడ్డులో, "ప్యాకింగ్ ఎందుకు సార్, ఇది పూస్తే జన్మలో కారదు" అని చెప్పి, ట్యూబు మొత్తం పిండి చాంబర్ బిగించారు. నిజంగానే ఆరు నెలలు చుక్క పడలేదు. తరువాత వేరే పని మీద చాంబర్ దింపినప్పుడు, లోపలికి ఉబికి గట్టిపడిన సిలికాన్ తెగి, ఆయిల్ పంపు జాలికి పురికొసల్లా చుట్టుకుని ఉండడం చూశాను. జాలి మూసుకుపోతే బేరింగులకు ఆయిల్ అందదు. రోడ్డు మీద పడే చుక్కను ఆపబోయి ఇంజినునే పోగొట్టుకునేవాళ్ళం. ఆధునిక ఇంజిన్లలో కంపెనీయే సీలెంటు వాడుతుందన్నది నిజమే, కానీ అక్కడ అంచులు అందుకు తగ్గట్టు చెక్కి ఉంటాయి, పూత కూడా సన్నని దారంలా కొలిచి వేస్తారు. మన రేకు చాంబర్‌కు ఆ లెక్క పనికిరాదు.

ఇప్పుడు సెట్టు విషయానికి వస్తాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల కొట్లన్నీ తిరిగితే, ఒక్క చోట ఈ రకం దొరికింది. ధర మామూలు కార్కు కన్నా దాదాపు రెట్టింపు. అయినా రెండింటినీ కలిపి చూసినా మూడు పూటల భోజనం ఖర్చుకు మించదు. సెట్టులో నాలుగు ముక్కలుంటాయి: రెండు పక్కలకు రెండు పొడవాటి పట్టీలు, ముందు వెనుక మెయిన్ బేరింగు క్యాపుల (క్రాంకు షాఫ్టును, అంటే ఇంజినులో తిరిగే ప్రధాన ఇరుసును, పట్టి ఉంచే దిమ్మల) గాడిలో కూర్చునే రెండు కురచ ముక్కలు. మామూలు కార్కు పట్టీని కొట్లో మేకుకు వేలాడదీసి ఉంచుతారు. అది ఎండి, కుదించుకుపోయి, కొంచెం వంచగానే బోల్టు రంధ్రం దగ్గర పుటుక్కున విరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెడితే మళ్ళీ సాగి కొలతకు వస్తుందన్న పాత చిట్కా పనిచేస్తుంది గానీ, విరిగినదాన్ని ఏమీ చేయలేం. రబ్బరు కలిసిన పట్టీ నల్లగా, గోధుమ పొడలతో ఉంటుంది. వేలికి చుట్టి వదిలితే పగుళ్ళు లేకుండా తిరిగి చాపుకుంటుంది. కొనేటప్పుడు నేను చేసిన పరీక్ష అదొక్కటే. రంధ్రాలు పాత పట్టీతో సరిగ్గా కలిశాయి. లోపం అంటే ఒకటే చెప్పాలి: వెనుక ముక్క అంచులు నీటుగా కోసి లేవు, బ్లేడుతో సవరించుకోవలసి వచ్చింది.

అయితే నా లెక్కలో లీకు ఆగడానికి సగం కారణం ఈ సెట్టు కాదు, రేకు. ఏళ్ళ తరబడి ప్రతి మెకానిక్కూ కారుతోంది కదా అని బోల్టులను ఇంకొంచెం, ఇంకొంచెం బిగించి ఉంటారు. దాంతో ప్రతి రంధ్రం చుట్టూ రేకు బ్లాకు వైపు గిన్నెలా ఉబ్బిపోతుంది. అటువంటి అంచును బిగిస్తే బోల్టు దగ్గర ప్యాకింగ్ నలిగి చిట్లుతుంది, రెండు బోల్టుల మధ్య మాత్రం సందు మిగులుతుంది. పాత సీలెంటును పుట్టీ బ్లేడుతో గీకి, పెట్రోలుతో తుడిచి, ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి చూస్తే వెలుతురు కిందనుండి స్పష్టంగా కనిపించింది. అంచును దాగలి మీద బోర్లించి ఒక్కొక్క రంధ్రం దగ్గర చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చదును చేయడానికి మా మెకానిక్కుకు గంట పట్టింది. ఆ గంటకు అతడు విడిగా కూలి అడగలేదు, నేనే ఇచ్చాను.

రెండో కీలకం ఆ రెండు కురచ ముక్కలు. పక్క పట్టీలను ఎవరైనా అంటించగలరు. ఓర్పు కావలసింది ఈ ముక్కల దగ్గరే. గాడిలో మధ్య నుండి రెండు చివరలకూ నొక్కుకుంటూ వెళ్ళాలి. చివరలు అంచు కన్నా కొద్దిగా పైకి నిలిచి ఉంటే, పొడవు ఎక్కువైందని కోసేయకూడదు, ఎందుకంటే చాంబర్ బిగిసినప్పుడు ఆ ఎత్తే నలిగి మూలను మూస్తుంది. మా మెకానిక్కు అలవాటు కొద్దీ బ్లేడు తీయబోతే ఆపవలసి వచ్చింది. పక్క పట్టీ, కురచ ముక్క కలిసే నాలుగు మూలల్లో మాత్రం కందిగింజంత సీలెంటు పెట్టించాను. పట్టీలను బ్లాకు వైపు పలుచటి పూతతో అతికించి, చాంబర్ వైపు గ్రీజు రాయించాను; మళ్ళీ ఎప్పుడైనా దింపవలసి వస్తే చిరగకుండా వస్తుందని.

ఈ 1/4 అంగుళం బోల్టులకు కావలసిన బిగింపు 6 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 8 న్యూటన్ మీటర్లు మాత్రమే. 7/16 స్పానరును అరచేత్తో పట్టుకుని గుంజితే దానికి రెట్టింపు సులువుగా దాటిపోతుంది. బిగింపును కొలిచే టార్కు రెంచి లేదు కనుక, స్పానరును తల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని బిగించమని అడిగాను. మొదట అన్నీ చేత్తో తిప్పి, తరువాత మధ్య నుండి చివరలకు, ఎదురెదురు బోల్టులను మార్చుకుంటూ మూడు విడతలుగా బిగించారు. ఆయిల్ పోసి, ఇంజిను వేడెక్కి చల్లారిన తరువాత మరొకసారి చూస్తే నాలుగైదు బోల్టులు కొంచెం వదులయ్యాయి. కార్కు కలిసిన ఏ ప్యాకింగ్‌కైనా ఇది తప్పదు. అప్పుడు పాత బిగింపుకు తెచ్చి వదిలేయాలి, అంతకు మించి పోకూడదు.

ఈ బండి ఉన్నవాళ్ళు ఎవరైనా అడిగితే ఈ రకం సెట్టునే కొనమంటాను. దొరకకపోతే మామూలు కార్కు అయినా ఫరవాలేదు, రేకు చదును చేయించి, మూలలు చూసుకుంటే అదీ రెండు మూడేళ్ళు నిలుస్తుంది. రెండూ చేయించనివారికి ఏ ఖరీదైన సెట్టూ పనికిరాదు.

రాత్రిళ్ళు బండి కింద పరిచే అట్టముక్క మీద ఇప్పటికీ ఒక మచ్చ పడుతూనే ఉంది, రూపాయి బిళ్ళంత. అది చాంబర్ కింద కాదు, గేరుబాక్సు మొదట్లో, క్లచ్చును కప్పే బెల్ హౌసింగు కింద. నా ఇంజినులో క్రాంకు వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మర చుట్లలా చెక్కిన గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి తోస్తుంది, ఇంజిను ఆగగానే కాస్త బయటికి వదులుతుంది. ఆ మచ్చకు అట్టముక్క మార్చడం తప్ప నేనేమీ చేయడం లేదు.