డ్రైవ్ బెల్ట్: ఇంట్లో మార్చుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా?

ఇది కారు ఇంజిన్‌కి బయట ఉండి, ఆల్టర్నేటర్‌నీ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఏసీ కంప్రెసర్‌నీ తిప్పే బెల్ట్ సంగతి. వాల్వులనూ పిస్టన్లనూ ఒకే తాళంలో నడిపే టైమింగ్ బెల్ట్ అయితే ఆలోచించే పనే లేదు, మెకానిక్ దగ్గరికే. అక్కడ లెక్క తప్పితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

ఖర్చు: ఇంట్లో అయితే బెల్ట్ డబ్బులే. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్స్ షాపుల్లో పాత బెల్ట్ వీపు మీది నంబర్ చూపించండి. 6పీకే1150 అంటే 6 రిబ్బులు (బెల్ట్ లోపలి వైపు పొడవునా ఉండే గట్లు), 1150 మి.మీ. పొడవు. మెకానిక్ దగ్గర లేబర్ అదనం.

శ్రమ: ఆటో టెన్షనర్ (బెల్ట్‌ని తనంతట తానే బిగువుగా ఉంచే స్ప్రింగ్ పరికరం) ఉంటే దాన్ని స్పానర్‌తో తిప్పి పట్టుకుని బెల్ట్ జార్చడమే. చెప్పడం తేలికే! చిన్న కార్లలో అక్కడ చెయ్యి దూరదు. చాలాసార్లు చక్రం, లోపలి ప్లాస్టిక్ కవర్ తీయాల్సిందే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జాకీ పెడితే సెక్యూరిటీ ఊరుకుంటాడా అన్నది వేరే టెన్షన్.

రిస్క్: ఇంట్లో చేస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, బెల్ట్ దారిని ఫోటో తీసుకోండి. ఒక్క రిబ్బు పుల్లీ గాడి బయట పడ్డా కొత్త బెల్ట్ అంచు పీచుపీచవుతుంది. మెకానిక్ దగ్గర రిస్క్ వేరు: బెల్ట్ వేసి పంపేస్తారు, ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే ఉత్త పుల్లీ) బేరింగ్ చూడరు. ఆ పుల్లీని చేత్తో తిప్పించండి, గరగరమంటే అదీ మార్పించండి.

ఆటో టెన్షనర్, చెయ్యి దూరే చోటు, ఒక ఖాళీ ఆదివారం ఉంటే ఇంట్లోనే కానివ్వండి. బెల్ట్ మీద ఆయిల్ కనిపించినా, సాగే రకం (టెన్షనర్ లేకుండా తన సాగుడుతోనే బిగువుగా ఉండే) బెల్ట్ అయినా, రేపే ఊరెళ్లాల్సి ఉన్నా మెకానిక్‌కి ఇచ్చేయండి.