టంగ్‌స్టన్ నా రాళ్లది కాదు, వాళ్ల మిల్లుది: ఒక ల్యాబ్‌కి మూడు స్టార్లు

అనంతపురం వైపు పాత బంగారు గనుల రామగిరిలో, గాలిమరల కింద ఎండలో సుత్తితో కొట్టి తెచ్చుకున్న నల్లపచ్చ రాళ్లు 14. పీహెచ్‌డీ కోసం వాటి కెమిస్ట్రీ కావాలి. మా డిపార్ట్‌మెంట్‌లో ఐసీపీ-ఎంఎస్ (రాయిలో అతి కొద్దిగా ఉండే మూలకాలనూ కొలిచే యంత్రం) లేదు, అందుకని ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి కొరియర్ చేశాను. పేరు రాయను. మనుషులు మంచివాళ్లే, ఫోన్ ఎత్తుతారు, చెప్పిన గడువుకే రిపోర్ట్ ఇచ్చారు.

తెరవగానే టంగ్‌స్టన్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) దాటి ఉంది. బంగారం ఉన్నచోట షీలైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజం దొరకడం మామూలే కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గైడ్ గారికి మెసేజ్ పెట్టబోతూ కోబాల్ట్ చూశాను. అదీ పెరిగింది, అన్ని రాళ్లలోనూ! అప్పుడు వెలిగింది. రాళ్లను పొడి చేసే మిల్లులోని టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో, రేణువులను అతికించి ఉంచే బైండర్ కోబాల్టే. అరిగింది గిన్నె.

పోనీలే అని వదిలేద్దామంటే ఆ గిన్నె టాంటలమ్‌నీ, కాస్త నియోబియమ్‌నీ కూడా వదులుతుంది. నా రాళ్లలో నియోబియమ్ ఉండేదే 3, 4 పీపీఎం. ఈ రాళ్లు ఒకప్పటి లావా, పుట్టి దాదాపు 270 కోట్ల ఏళ్లు. వేడికీ ఒత్తిడికీ ఆంఫిబోలైట్ అనే రాయిగా మారే క్రమంలో పొటాషియం, సోడియం ఎటుపోయాయో, వాటిని నమ్మలేం. కదలకుండా మిగిలేవి థోరియం, నియోబియమ్, జిర్కోనియం, టైటానియం లాంటివి. గ్రాఫ్‌లో థోరియం, లాంథనమ్ మధ్య నియోబియమ్ దగ్గర గుంట పడితే, ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దిగినచోట పుట్టిన లావా అని అనుమానించవచ్చు. (పాత ఖండపు రాయి కరిగి కలిసినా అదే గుంట, అదో తలనొప్పి.) వీళ్ల మిల్లు సరిగ్గా ఆ గుంటనే పూడ్చింది.

ఫోన్ చేస్తే, "మా స్టాండర్డ్ కరెక్ట్‌గానే వచ్చింది సార్" అన్నారు. ఎందుకు రాదు? విలువలు ముందే తెలిసిన ఆ స్టాండర్డ్, హవాయి బసాల్ట్ రాయి, సీసాలో పొడిగానే వస్తుంది, దానికి మిల్లుతో పనేముంది?

టంగ్‌స్టన్ లేని అగేట్ (గట్టి సిలికా రాయి) మిల్లు వాళ్ల దగ్గరే ఉందట, అడిగితేనే వాడతారట! మిగిలిన ముక్కలు మళ్లీ పంపాను, మిల్లు ఏమైనా కలుపుతోందేమో తెలియడానికి మధ్యలో ఒక పలుగురాయి ముక్కకు కూడా నంబర్ వేసి కలిపేశాను. ఈసారి దాంట్లో టంగ్‌స్టన్ లేనట్టే వచ్చింది. నా రాళ్లలో కొన్నిటికి గుంట స్పష్టంగా పడింది, కొన్నిటికి అసలు లేదు. పొడి చేసిన ఛార్జీ వదిలేశారు, అనలిసిస్ డబ్బు మాత్రం రెండోసారీ కట్టాను.

మీరు పంపేటట్టయితే, వాళ్ల ఫారంలో మిల్లు గురించి గడి లేదు. సంచి మీదే మార్కర్‌తో "అగేట్" అని రాయండి.