రిసార్ట్‌లో పిల్లలకు కాంప్లిమెంటరీ అన్నారని నమ్మి బుక్ చేయకండి, తిండి సంగతి ముందు తేల్చుకోండి

సంక్రాంతి సెలవులకు బీచ్ రిసార్ట్ చూసుకుంటున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా ఐదారేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. దసరా సెలవుల్లో మేం పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

మాది ఒంగోలు. నేను, మావారు, అత్తయ్య, ఆరేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. నెల్లూరు జిల్లా తీరంలో ఒక రిసార్ట్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఫోన్‌లో నేను అడిగింది రెండే విషయాలు. పిల్లలకు ఎంత తీసుకుంటారు, బాబుకి కారం లేకుండా మెత్తటి పప్పన్నం చేసిపెడతారా అని. "పిల్లలిద్దరూ కాంప్లిమెంటరీ మేడం. మా చెఫ్ మీరేం చెప్తే అది చేస్తాడు" అన్నాడు రిసార్ట్‌లో ఫోనెత్తిన అబ్బాయి. అదే సాయంత్రం మొత్తం డబ్బు పంపేశాం. మా తప్పు అక్కడే జరిగింది, ఆ రెండు మాటలూ వాట్సాప్‌లో రాయించుకోలేదు.

మేం తీసుకున్నది ఎంఏపీ ప్లాన్. అంటే గది, పొద్దున టిఫిన్, ఇంకొక పూట భోజనం. సీపీ అంటే టిఫిన్ మాత్రమే, ఏపీ అంటే మూడు పూటలా భోజనం, ఈపీ అంటే ఉత్త గది. ఇవన్నీ పెద్దవాళ్ల లెక్కలు. పిల్లల లెక్క వేరే ఉంటుందని, కాంప్లిమెంటరీ అంటే మన మంచం మీదే పడుకుంటే గది అద్దె అదనంగా తీసుకోరని మాత్రమే అర్థమని అక్కడికి వెళ్లాక తెలిసింది. చాలా హోటళ్ల పద్ధతి ఇదేనట. పద్ధతిని తప్పు పట్టడం లేదు. అడిగినప్పుడు ఆ ముక్క చెప్పకుండా దాటేయడమే తప్పు.

మొదటి రాత్రి గురించి చెప్తాను. బాబు ఏడింటికల్లా తిని పడుకుంటాడు. బఫే ఎనిమిదిన్నరకు గాని తెరవరట. ఏడింటికి వంటగది దగ్గరకు వెళ్లి కాస్త పప్పన్నం అడిగితే, విడిగా వండటం కుదరదు, బఫేలో చూసుకోండి అన్నారు. అత్తయ్య ఇంటి నుంచి ఉగ్గు పొడి తెచ్చారు, బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన పొడి. దాన్ని ఉడికించడానికి గదిలో కెటిల్ కూడా లేదు. వేడినీళ్లు పంపమని రెండుసార్లు ఫోన్ చేస్తే నలభై నిమిషాలకు ఫ్లాస్క్ వచ్చింది, అందులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఉగ్గు ఉడకలేదు, ఉండలు కట్టింది. బాబు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

బఫే తెరిచాక చూస్తే ఒక్కటీ చిన్నపిల్లలు తినేది కాదు. చేపల పులుసు, చికెన్ వేపుడు, గోంగూర, సాంబారు. పెద్దవాళ్లకు బాగానే ఉంటాయి, ఆ పులుసు నిజంగా బాగుంది. అత్తయ్య సాంబారులోంచి అడుగున దిగిన పప్పు గరిటెతో తీసి, గిన్నెలో ఆ గోరువెచ్చటి నీళ్లు పోసి రెండుసార్లు కారం కడిగి, అన్నంలో కలిపి మెదిపారు. మొలగొలుకుల బియ్యానికి పేరున్న నెల్లూరులో నా బిడ్డ ఆ రాత్రి కడిగిన పప్పుతో నాలుగు ముద్దలు తిని నిద్రపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

మర్నాడు మావారు గట్టిగా అడిగితే కిచిడీ చేసి పంపారు. పైన వేడిగా ఉంది, మధ్యలో చల్లగా ఉంది. ఎప్పుడో వండింది ఓవెన్‌లో పెట్టి పంపారని నా అనుమానం. నేను పెట్టలేదు. వండిన అన్నం, పప్పు గంటల తరబడి బయట ఉంటే చెడిపోతాయి, చిన్నపిల్లల కడుపు దాన్ని తట్టుకోదు. స్పూన్‌తో మధ్యలోంచి తీసి చేతి మీద పెట్టుకుని చూశాకే పెట్టండి.

ఖాళీ చేసే రోజు బిల్లు చూసి మావారు కుర్చీలో కూలబడ్డారు. పాపకు రెండు రాత్రుల భోజనం 900 రూపాయలు, రెండు టిఫిన్లు 500. మేం తినని ఆ కిచిడీతో కలిపి రెండు కిచిడీలు 560. నాలుగు కప్పుల పాలు 360. పన్ను కాకుండానే 2,320. పైగా సర్వీస్ చార్జ్ కూడా వేశారు. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. ఆ మాట అనగానే మారు మాట్లాడకుండా తీసేశారు. మిగతాది మాత్రం "ఫోన్‌లో ఎవరు చెప్పారో మాకు తెలియదు" అని చేతులెత్తేశారు.

అందుకని ఫోన్‌లో ఎంత తీయగా మాట్లాడినా, కట్టే ముందు ఈ సంగతులు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఎన్నేళ్ల లోపు పిల్లలకు భోజనం ఉచితం, ఆ పైన పూటకు ఎంత? వయసుకు ఏ రుజువు అడుగుతారు? మాకు పాప ఆధార్ ఫొటో ఫోన్‌లో ఉండబట్టి సరిపోయింది. రాత్రి ఏడింటికి కారం లేని అన్నం, పప్పు, పెరుగు ఇస్తారా, దానికి విడిగా డబ్బులా? గదిలో కెటిల్ ఉంటుందా? బయటి నుంచి పిల్లల తిండి తేనిస్తారా? ఈ చివరిది తప్పకుండా అడగండి, కొన్నిచోట్ల గేటు దగ్గరే ఆపేస్తున్నారు.

సమాధానం రాయడానికి వెనకాడే చోట బుక్ చేయకండి. ఏమన్నా సరే, ఒక చిన్న కెటిల్, ఉగ్గు పొడి, అటుకులు, రెండు మూడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో పెట్టుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే కచ్చితంగా అన్నే కలపాలి.

బిల్లు పారేయకండి. దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్స్ నంబర్, ఉండాలి, 2022 నుంచి అది తప్పనిసరి. మా బిల్లు మీద లేదు. ఆ బిల్లు, డబ్బు కట్టిన రసీదు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, రిసార్ట్ వాళ్ల జవాబు ఇంకా రాలేదు.