డిప్లీటెడ్ యురేనియం: పీల్చిన ధూళి, ఒంట్లో మిగిలిన ముక్క

అణు ఇంధనానికి పనికొచ్చే యురేనియం-235 అనే రకాన్ని చాలావరకు తీసేయగా మిగిలే డిప్లీటెడ్ యురేనియానికి సహజ యురేనియం కంటే రేడియోధార్మికత దాదాపు 40 శాతం తక్కువ. పైగా దాని నుంచి వికిరణంగా వెలువడే ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటలేవు కాబట్టి, అది ఒంట్లోకి ఏ దారిన చేరిందన్నదే అసలు ప్రశ్న.

ఈ లోహంతో చేసిన తూటా ట్యాంకు కవచాన్ని ఢీకొన్నప్పుడు అంటుకుని మండి, సన్నని నల్లటి ఆక్సైడ్ ధూళిగా మారుతుంది. పీల్చినప్పుడు, సులువుగా కరగని రేణువులు ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని వికిరణానికి గురిచేస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ భయం ఇక్కడిదే. అయితే దెబ్బ తిన్న వాహనంలో ఉన్నవారి వంటి కొద్దిమందికి తప్ప మిగతా సైనికులకు ఆ అదనపు ముప్పు చాలా స్వల్పమని బ్రిటన్ విజ్ఞాన అకాడమీ రాయల్ సొసైటీ 2001లో అంచనా వేసింది.

కండలో గుచ్చుకున్న ముక్కల సంగతి వేరు. అవి మెల్లగా కరిగి రక్తంలో కలుస్తాయి. అక్కడ వికిరణం కంటే ముందు ఆలోచించవలసింది మూత్రపిండాలపై పడే రసాయన విషప్రభావం గురించి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇలా గాయపడిన అమెరికా సైనికులను 1993 నుంచి బాల్టిమోర్‌లో పరీక్షిస్తూ వచ్చారు: దశాబ్దాల తర్వాత కూడా వారి మూత్రంలో యురేనియం ఎక్కువగానే కనిపించింది గాని, మూత్రపిండాలు గట్టిగా దెబ్బతిన్న ఆనవాళ్లు దొరకలేదు. పరీక్షించినది కొన్ని పదుల మందినే కనుక, అరుదైన క్యాన్సర్ల విషయంలో ఆ ఫలితాన్ని చూసి ధీమా పడడం తొందరపాటే అనిపిస్తుంది.