చీరలు బాగున్నాయి, స్టూలే లేదు

కూకట్‌పల్లిలో పెద్ద బట్టల షాపు, పేరెందుకులెండి. చీరలకు నాలుగు స్టార్లు, యాజమాన్యానికి ఒక్కటి. పెళ్లి చీరలకని వెళ్లి మూడు గంటలున్నాం, రకాలకు వంక పెట్టలేం, ఫాల్, పీకో కూడా అక్కడే అయిపోయింది. కానీ మమ్మల్ని పరుపు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు గానీ, మాకోసం నలభై చీరలు విప్పి మళ్లీ మడతపెట్టిన అమ్మాయి మాత్రం ఈ కాలి మీద కాసేపు ఆ కాలి మీద కాసేపు నిలబడే ఉంది. "కాసేపు కూర్చోమ్మా" అంటే పైన కెమెరా వైపు చూసి నవ్వింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అంతేనట! కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కుర్చీ ఇవ్వాల్సిందేనని చట్టమే చేశారు. బిల్లు దగ్గర మేనేజర్‌ని అడిగితే "వాళ్లు కూర్చుంటే కస్టమర్లకు బాగోదు మేడమ్" అన్నాడు. మరి నేనెవర్ని?