మెకానికల్ బ్రాడ్‌హెడ్: అంతా బాగుంది, ఆ కాలర్ ఒక్కటి తప్ప

బ్రాడ్‌హెడ్ అంటే వేట బాణం కొనకు బిగించే బ్లేడ్ల మొన. ఫిక్స్‌డ్‌లో బ్లేడ్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, మెకానికల్‌లో తగిలాక తెరుచుకుంటాయి. అంతకుమించి పాఠం ఇక్కడ పెట్టను. విల్లుతో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లకు అది తెలిసిన సంగతే. నేను చాలాకాలంగా రెండూ వాడుతున్నాను. ఒకటి వెనక్కి జారి తెరుచుకునే రెండు బ్లేడ్ల మెకానికల్, తెరుచుకుంటే 2 అంగుళాల కోత. రెండోది మూడు బ్లేడ్ల ఫిక్స్‌డ్, 1 1/8 అంగుళాల కోత. రెండూ 100 గ్రెయిన్లవే (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత, సుమారు 0.065 గ్రాములు). విల్లు 65 పౌండ్ల లాగుడు బలమున్న కాంపౌండ్ (కప్పీల విల్లు), బాణం మొత్తం బరువు 450 గ్రెయిన్లు, వేగం సెకనుకు 260 అడుగులు. గ్రెయిన్లను వేగం వర్గంతో గుణించి 4,50,240తో భాగిస్తే శక్తి సుమారు 68 ఫుట్ పౌండ్లు. మీ లెక్క దీనికి దూరంగా ఉంటే నా అభిప్రాయాన్ని కూడా ఆ మేరకు సవరించుకోండి.

మెకానికల్ మీద ఇష్టం మొదటి బాణంతోనే పుడుతుంది. బ్లేడ్లు ముడుచుకుని ఉండటం వల్ల గాలికి తగిలే పలక పెద్దగా ఉండదు. 40 గజాల్లో ఫీల్డ్ పాయింట్ (సాధనకు వాడే, బ్లేడ్లు లేని మొన) ఎక్కడ దిగితే ఇదీ అక్కడే దిగుతుంది. పక్కగాలికి ఫిక్స్‌డ్ కన్నా తక్కువ జరుగుతుంది. గురి చూసే సైట్ తిప్పక్కర్లేదు, బాణం ఆనే రెస్ట్ ముట్టుకోనక్కర్లేదు. పూర్తిగా తెరుచుకుని పక్కటెముకల మధ్య తగిలిందంటే గాయం అంత వెడల్పుగా పడుతుంది, నెత్తుటి జాడ పట్టుకోవడం తేలిక.

నా కోపమంతా కాలర్ మీదే.

ఈ రకం హెడ్‌లో బ్లేడ్లను మూసి ఉంచేది ఫెర్రూల్ (హెడ్ కాండం) అడుగున కూర్చునే చిన్న ప్లాస్టిక్ రింగు. దానికి బ్లేడుకొకటి చొప్పున సన్నటి నాలుకలుంటాయి. తోలు తగలగానే బ్లేడు ముందు కొక్కెం వెనక్కి నెట్టుకుపోవాలి, ఆ నెట్టుడుకి నాలుక విరగాలి, బ్లేడు బయటికి జారాలి. అంటే ఆ నాలుక జీవితంలో ఒక్కసారే, సరిగ్గా తగిలిన క్షణంలోనే విరగాలి. కానీ తగిలే లోపు దాన్ని విరిచే సందర్భాలు చాలా ఉన్నాయి.

మొదటిది క్వివర్, అంటే అమ్ములపొది. మూతలోని దట్టమైన ఫోమ్‌లోకి బాణాన్ని నెట్టిన ప్రతిసారీ కొక్కెం ఫోమ్‌ను పట్టుకుంటుంది, నాలుక మీద కొంచెం భారం పడుతుంది. పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. నాలుక వెంటనే విరగదు, అదే ప్రమాదం. వెలుతురులో పెట్టి చూస్తే దాని మొదట్లో వెంట్రుకంత తెల్లటి గీత కనిపిస్తుంది. రంగు ప్లాస్టిక్ వంగి అలిసిపోయిన చోట అలా తెల్లబడుతుంది. ఆ గీత వచ్చిందంటే ఆ కాలర్ పని అయిపోయినట్టే, బ్లేడు మూసుకున్నట్టే కనిపించినా సరే. రెండోది చలి, వేడి. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఎండలో మూసిన కారులో వదిలేస్తే మెత్తబడి పట్టు సడలుతుంది. మూడోది బిగింపు. కాలర్ ఫెర్రూల్‌కీ ఇన్సర్ట్‌కీ (బాణం కొనలో హెడ్ బిగించే ముక్క) మధ్య నొక్కుకుని ఉంటుంది. హెడ్‌ను గట్టిగా తిప్పి బిగిస్తే కాలర్ కూడా దాంతో తిరిగి నాలుకలు తమ గాడి నుంచి పక్కకు జరుగుతాయి.

ఇలా సగం విరిగిన నాలుకతో తీగ వదిలితే ఏమవుతుందో చూడండి. బాణం రెండడుగుల లోపు దూరంలోనే సున్నా నుంచి 260 అడుగుల వేగం అందుకుంటుంది. ఫెర్రూల్ ముందుకు దూకుతుంటే బ్లేడు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, ఆ భారమంతా నాలుక మీద పడుతుంది. మంచి నాలుక ఆపుతుంది, అలిసిన నాలుక ఆపదు. రెండు బ్లేడ్లూ ఒకేసారి తెరుచుకున్నా కొంత నయం, సాధారణంగా ఒకటే తెరుచుకుంటుంది. బాణానికి ఒకవైపే రెక్క మొలిచినట్టు అవుతుంది. దారిలో బుస్సుమని చప్పుడు, 30 గజాలకు గురి జానెడు పక్కకు. జంతువు గుండె, ఊపిరితిత్తుల దగ్గర జానెడు అంటే పొట్టలో దిగినట్టే. ఎంతో జాగ్రత్తగా గురి చూసి వదిలిన బాణం ఒక ప్లాస్టిక్ ముక్క వల్ల ప్రాణిని గాయంతో తిప్పడం నాకు మింగుడుపడదు.

కాలర్ లేనివి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రబ్బరు రింగువి ఎండకూ కాలానికీ బీటలు వారుతాయి, వేలితో సాగదీసి చూస్తే పగుళ్లు తెలుస్తాయి. స్ప్రింగుతో పట్టి ఉంచేవాటిలో మార్చాల్సిన ముక్క లేదు, అది మేలే. అయితే మట్టి, ఎండిన నెత్తురు చేరితే బ్లేడు బిగుసుకుంటుంది, కడిగి ఆరబెట్టి చుక్క నూనె వేయాలి.

కాలర్ రకమే వాడతానంటే కొన్ని పనులు తప్పవు. హెడ్ బిగించేటప్పుడు కాలర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఫెర్రూల్‌ను మాత్రమే తిప్పండి. బిగించాక బ్లేడ్లు తమ గాడిలో నిటారుగా ఉన్నాయా చూడండి. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే గలగల వినపడకూడదు. బ్లేడ్లకు తగలని మూత ఉన్న క్వివర్ వాడండి. రోజంతా తీసి పెట్టిన బాణానికి మరుసటి రోజు కొత్త కాలర్ వేయండి. క్రాస్‌బో కోసం అమ్మే గట్టి కాలర్‌ను మామూలు విల్లుకు వేస్తే భద్రం అనుకోవద్దు. అది వేగమైన విసురును తట్టుకోవడానికి చేసింది, తక్కువ శక్తి బాణం మీద తెరుచుకోవడం కష్టమవుతుంది.

ఇన్ని చేసినా ఒక లోటు తీరదు. వేటకు తీసుకెళ్లే హెడ్‌నే ముందు వేసి చూసుకునే వీలు లేదు. ఫోమ్ టార్గెట్‌లో వేస్తే కాలర్ పోతుంది. పెట్టెలో వచ్చే ప్రాక్టీస్ హెడ్ బరువు ఒకటే అయినా అది వేరే హెడ్. ఫిక్స్‌డ్ అయితే అదే బాణం, అదే హెడ్ టార్గెట్‌లో వేసి చూసి, బ్లేడ్లు మార్చి క్వివర్‌లో పెట్టుకుంటాను. ఆ నిశ్చింత చాలా పెద్దది.

ఇక పైన మెచ్చుకున్న ఆ ఎగిరే తీరు గురించి. అది నిజమే, కానీ అది విల్లులోని లోపాన్ని కూడా కప్పేస్తుంది. రెస్ట్ కొంచెం పక్కకున్నా, తీగ మీద నాక్ (బాణం తోక గాడి) కూర్చునే ఎత్తు తప్పినా మెకానికల్ గురికే వెళ్తుంది, కాకపోతే తోక పక్కకు ఊగుతూ వెళ్తుంది. అలా వంకరగా తగిలితే బాణం బరువు మొన వెనక సూటిగా ఉండదు. బ్లేడ్లు తెరవడానికి ఎలాగూ కొంత శక్తి పోతుంది, వంకరకు మరికొంత పోతుంది, లోతు తగ్గుతుంది. ఫిక్స్‌డ్ ఈ లోపాన్ని దాచదు. మొదటి రోజే బాణాన్ని పక్కకు లాగి చూపిస్తుంది. దాంతో విసిగి చాలామంది మెకానికల్‌కు మారతారు, సరిచేస్తే రెండూ బాగుపడతాయి.

సరిచేయడం ఇలా. ముందు బాణం చివర, ఇన్సర్ట్ ముఖం సమంగా అరగదీసి ఉండాలి. హెడ్ బిగించి స్పిన్ టెస్టర్ మీద తిప్పితే మొన ఒకేచోట నిలవాలి, చుట్టూ తిరిగితే ఆ బాణాన్ని పక్కన పెట్టండి. తర్వాత 20 గజాల్లో ఫీల్డ్ పాయింట్లతో మూడు బాణాలు, బ్రాడ్‌హెడ్లతో మూడు, వేర్వేరు చుక్కల మీద. లేదంటే బ్లేడ్లు పక్క బాణం వేన్లను (తోక రెక్కలను) కోసేస్తాయి. బ్రాడ్‌హెడ్లు కుడికి పోతే రెస్ట్ ఎడమకు, ఎడమకు పోతే కుడికి. పైకి పోతే రెస్ట్ కిందికి, కిందికి పోతే పైకి. ఒక్కోసారి 1/32 అంగుళం, అంటే మిల్లీమీటరు కన్నా తక్కువే. 20లో తేడా పోయాక 30, 40 గజాలు. ఆ తర్వాతే సైట్ ముట్టుకోవాలి. ఎంత జరిపినా రెండు రకాల బాణాలూ ఒకేచోట దిగకపోతే బాణం స్పైన్ (కాండం బిగువు) మీద అనుమానించాలి. చిన్న వేన్లు మూడు నేరుగా అతికించి ఉంటే హెలికల్‌గా (కొంచెం మెలితిప్పి) మార్చండి, పెద్ద బ్లేడ్లను అదుపు చేసే పట్టు వెనక ఉండాలి.

కోత వెడల్పు గురించి ఒక లెక్క. 2 అంగుళాల రెండు బ్లేడ్ల మెకానికల్ మొత్తం కోసేది 2 అంగుళాలు. 1 1/8 అంగుళాల మూడు బ్లేడ్ల ఫిక్స్‌డ్‌లో ఒక్కో బ్లేడు 9/16, మొత్తం 1 11/16. అదే కొలతలో నాలుగు బ్లేడ్లదైతే 2 1/4. అంటే పెట్టె మీద కనిపించేంత తేడా కోతలో లేదు. పైగా రెండు బ్లేడ్ల గాయం సన్నటి చీలిక, తోలు జరిగితే మూసుకునే వీలుంది. మూడు బ్లేడ్ల రంధ్రం తెరుచుకునే ఉంటుంది. మంచె మీంచి కిందికి వేసినప్పుడు బాణం రెండోవైపుకు దూసుకుపోవడమే ముఖ్యం, నెత్తురు కారేది కింది రంధ్రం నుంచే.

ఏటవాలుగా నిలబడిన జంతువు మీద మెకానికల్‌కు ఒక బ్లేడే ముందు తగిలే అవకాశం ఉంది. ముందు నుంచి వెనక్కి మడిచి తెరుచుకునే రకాల్లో ఇది ఎక్కువ, బాణం పక్కకు జారొచ్చు. ఎల్క్, మూస్ (పెద్ద జింక జాతులు) జబ్బ ఎముక, ముదిరిన మగ అడవిపంది భుజం మీది గట్టి తోలు, వీటి దగ్గర సన్నటి మెకానికల్ బ్లేడు మెలితిరుగుతుంది. కొన్నిచోట్ల మెకానికల్‌కు అనుమతి ఉండకపోవచ్చు. అమెరికాలోని కొలరాడోలో బ్రాడ్‌హెడ్‌కు కనీసం 7/8 అంగుళం వెడల్పు, కనీసం రెండు స్టీల్ అంచులు ఉండాలి. వెళ్లే చోటి ఆ ఏటి నియమాలు చూసుకోండి.

నా విల్లుకు, నా దూరాలకు ఫిక్స్‌డ్ సరిపోయింది. తెరిచి ఉన్న బ్లేడ్ల మీదుగా గాలి బుస్సుమనడం మాత్రం నచ్చలేదు. 30 గజాల లోపు, పక్కకు తిరిగి నిలబడిన వైట్‌టెయిల్ జింక, 60 ఫుట్ పౌండ్లు దాటిన బాణం, ఆ ఉదయమే వేసిన కొత్త కాలర్, ఇవి ఉంటే మెకానికల్ ఇప్పటికీ తీసుకెళ్తాను. 50 పౌండ్ల లోపు విల్లుకైతే రెండు బ్లేడ్ల, మొన నుంచే కోసే ఫిక్స్‌డ్ తప్ప మరొకటి చెప్పలేను. ఏది వాడినా క్వివర్‌లో పెట్టే ముందు రబ్బరు బ్యాండును సాగదీసి అంచు ఆనించండి. నొక్కకుండానే తెగకపోతే ఆ బ్లేడు మార్చాల్సిందే, కొత్త పెట్టెలోంచి తీసిందైనా సరే.